తడిపిన తర్వాతే చీపురు

ఆ కాలనీలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. మొదట్లో ‘ఊడ్చే ఆవిడ’ అన్నారు. తర్వాత ‘బకెట్టత్త’ అన్నారు. రెండోది వెటకారానికి పెట్టిందే. అయినా ఆమెకు అదే నచ్చింది. మొదటిది చీపురు పట్టిన ఎవరికైనా సరిపోతుంది. రెండోది తను కష్టపడి సంపాదించుకున్నది.

పద్నాలుగు భవనాలు, నాలుగు వీధులు, మధ్యలో చిన్న పార్కు, గేటు పక్కన పంపు గది. అంతా కలిపి ఆమె ఒక్కతే ఊడుస్తుంది. ఏడాది పొడుగునా ఆమె అక్కడ ఉన్నట్టు ఎవరి కంటికీ ఆనదు. కొత్త ఏడాది మొదటి రోజు పొద్దున మాత్రం కాలనీ మొత్తానికి కంట్లో నలుసైపోతుంది.

ఏడాది చివరి రాత్రి కాలనీ అంతా వీధిలోకి దిగి టపాసులు కాలుస్తుంది. ఒక భవనం వాళ్ళు పెట్టె తెస్తే పక్క భవనం వాళ్ళు పంతానికి రెండు పెట్టెలు తెస్తారు. కాలుస్తున్నంతసేపూ అది అందరి సంబరం. తెల్లారేసరికి ఎవరిదో చెత్త. ఎనిమిది లోపల వీధి అద్దంలా ఉండాలి, కాఫీ కప్పుతో బాల్కనీలోకి వచ్చినవాళ్ళకి రాత్రి తాము చేసిన పని గుర్తు రాకూడదు.

మిగతా చోట్ల ఊడ్చేవాళ్ళు ఆ రోజు ఐదింటికే చీపురు పడతారు. ఈమె ఆరింటికి వచ్చి గొట్టం పడుతుంది. పంపు వేసి వీధిని ఈ చివర నుంచి ఆ చివరకు తడుపుతుంది. తడిపాక పార్కు పిట్టగోడ ఎక్కి కూర్చుని అరగంటసేపు కాళ్ళూపుకుంటుంది. పైన కాగితం నానాలి, లోపలి మందు నానాలి. అప్పుడు దిగి, మనిషంత పొడుగు కర్ర వేయించుకున్న పారతో, నడుం వంచకుండా చెత్తను ఎత్తి నీళ్ళ డ్రమ్ములో వేస్తుంది. రాత్రి తుస్సుమని ఊరుకున్న టపాసు ఒక్కటి కనపడినా చేత్తో ముట్టదు. దాని నెత్తిన ఇంకో బకెట్టు కుమ్మరిస్తుంది. ఆ డ్రమ్మును మర్నాటిదాకా ఎవరినీ కదపనివ్వదు.

ఇక చూడాలి కాలనీ బాధ. నల్లటి నీళ్ళు వీధంతా పారతాయి. చెప్పులకు అంటి మెట్లెక్కి, తెల్లటి గచ్చుల మీదికి వెళతాయి. ఒకాయన కారు తుడుచుకుంటూ ఏటా ఒకటే మాట అనేవాడు.

"బకెట్టత్తా, వీధి ఊడుస్తున్నావా, నాట్లకి దమ్ము చేస్తున్నావా?"

"రాత్రి మీరు విత్తనాలు చల్లారుగా బాబూ. మొలకెత్తకుండా చూస్తున్నా."

ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆమె నవ్వేది కాదు.

* * *

అంతకు ముందు ఆ కాలనీని ఇద్దరు ఊడ్చేవాళ్ళు. ఆమె, ఆమె అక్క.

అక్క నోరు మూసుకుని పని చేసే రకం కాదు. ఎవరింటి చెత్త చూసినా ఆ ఇంటి వార్తలు చెప్పేది. "ఏమే, రెండో అంతస్తులో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవట్లేదు చూడు. ఒక మనిషికి సరిపడా తొక్కలే ఉన్నాయి." ఇంకో గుమ్మం ముందు ఆగి, "ఈయనకి డాక్టరు సిగరెట్లు మానమన్నాడే. పీకలు వాళ్ళ గుమ్మంలో మానేసి పక్కింటి గుమ్మంలో పడ్డాయి" అనేది. చెల్లెలు నవ్వలేక చీపురు మీద వాలిపోయేది. ఇద్దరూ కలిస్తే నాలుగు వీధులు నాలుగు అడుగుల్లా అయిపోయేవి.

తొమ్మిదేళ్ళ కిందట, ఇలాంటి మొదటి రోజు పొద్దున, ఇద్దరూ అందరూ చేసినట్టే చేశారు. రాత్రి కాల్చిన చెత్తంతా పొడిపొడిగా ఊడ్చి పార్కు గోడ వెనక కుప్ప పోశారు. కుప్పకు నిప్పు పెట్టడం పనిలో భాగం. అప్పటి మేస్త్రీ చీపుళ్ళతో పాటు అగ్గిపెట్టె కూడా ఇచ్చేవాడు. ఎత్తి మోసుకుపోయే శ్రమ తప్పుతుంది, బండి పిలవక్కర్లేదు, ఎనిమిది లోపల చేతులు దులుపుకోవచ్చు. రాత్రంతా పేలనిది ఇప్పుడేం పేలుతుంది అనుకున్నారు. అసలు అలా అనుకోవడానికి కూడా ఎవరూ ఆగలేదు.

చెల్లెలు పుల్ల గీసి అంటించింది. పక్కకు జారిన కాగితాలను మంటలోకి తోయడానికి అక్క చీపురుతో వంగింది.

చప్పుడు పెద్దదేమీ కాదు. రాత్రి విన్నవాటి ముందు అది దగ్గు లాంటిది. అక్క అరవలేదు కూడా. అలాగే మోకాళ్ళ మీద కూర్చుని, "ఏమే, పొగ తగ్గాక చెప్పు, ఏమీ కనపడట్లేదు" అంది.

పొగ అప్పటికే పోయింది.

చెల్లెలు తలకు చుట్టుకున్న గుడ్డ ఊడదీసి అక్క కళ్ళు తుడిచింది. మసి పోవట్లేదని గట్టిగా రుద్దింది. భవనాల్లోంచి దిగివచ్చినవాళ్ళలో ఒకరు టూత్‌పేస్టు తెచ్చారు, ఒకరు సిరా తెచ్చారు, ఒకరు ఫోన్ తీసి ఫోటో తీశారు. కంటి ఆస్పత్రిలో డాక్టరు లైటు వేసి చూసి, "ఎవరు రుద్దారు?" అని అడిగాడు.

"నేనే."

"ముట్టకుండా, ఏ కప్పో గిన్నో అడ్డం కట్టి తీసుకొస్తే ఎడమ కన్ను కోసమైనా ప్రయత్నించేవాళ్ళం" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేది.

వారం తర్వాత, వాళ్ళకు జీతాలిచ్చే కాంట్రాక్టరు ఆఫీసు నుంచి ఒకతను ఆస్పత్రికి వచ్చాడు. ఒక దుప్పటి, ఒక కాగితం తెచ్చాడు. "మామూలు కాగితమే, ఆస్పత్రి వాళ్ళకి చూపించాలి" అన్నాడు. అక్క వేలు ఎక్కడ పెట్టాలో అక్కకి కనపడదు కదా. చెల్లెలే ఆ బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద నొక్కింది. అతను ఒక నకలు ఇచ్చాడు. ఇద్దరికీ చదువు రాదు. మడిచి ట్రంకు పెట్టెలో పెట్టారు.

పుల్ల గీసింది తన చెయ్యి. రుద్దింది తన చెయ్యి. వేలు నొక్కించింది తన చెయ్యి. ఆ తర్వాత చాలాకాలం ఆమె అన్నం తినేటప్పుడు కూడా ఆ చేతి వంక చూసుకునేది.

* * *

చదువు ఆమెకు చెత్తలో దొరికింది.

మొదటి భవనం మెట్ల కింద ఇస్త్రీ బల్ల వేసుకుని ఒకతను ఉండేవాడు. ఆమెను వదినా అని పిలుస్తాడు. బట్టలు చుట్టే పాత పేపర్లు చుట్టే ముందు చదివేస్తాడు కాబట్టి కాలనీలో ఎవరికన్నా లోకజ్ఞానం ఎక్కువ. ఒక మధ్యాహ్నం ఆమె టపాసు పెట్టె అట్ట ఒకటి తీసుకెళ్ళి, "దీని అడుగున చీమల్లా ఏదో రాశారు, ఏంటయ్యా?" అంది.

"జాగ్రత్తలు వదినా. ఎవరూ చదవరు."

"నాకు నేర్పు."

"జాగ్రత్తలా?"

"అక్షరాలు."

అలా మొదలైంది. పిల్లలు అ అంటే అమ్మ అని నేర్చుకుంటారు. ఆమె ‘దూ’ అంటే దూరం అని నేర్చుకుంది. వ అంటే వత్తి, నీ అంటే నీరు. ఇస్త్రీ అతను బొగ్గుముక్కతో గోడమీద రాస్తే ఆమె చీపురుపుల్లతో దుమ్ములో దిద్దేది. ఏడాది పట్టింది. ఒక రోజు ఆ అట్టమీద చివరి వాక్యాన్ని ఎవరి సాయం లేకుండా కూడబలుక్కుంది. ‘పేలని వాటి దగ్గరకు వెంటనే వెళ్ళరాదు. వాటిపై వంగరాదు. నీటిలో ముంచి నానబెట్టవలెను.’

ఆమె పేవ్‌మెంటు మీద కూలబడింది. ఆ మాట ప్రతి పెట్టె కిందా ఉంది. అన్నేళ్ళూ ఆ పెట్టెల్నే ఆ ఇద్దరూ ఊడ్చారు. కొన్నవాళ్ళు పైన బొమ్మ చూసి కొన్నారు, అడుగున ఉన్నది ఊడ్చేవాళ్ళ కాళ్ళ కింద పడింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ట్రంకు పెట్టెలోని కాగితం తీసి చదివింది. ‘నా స్వంత అజాగ్రత్త వలన’ అని ఉంది. కింద అక్క బొటనవేలి ముద్ర.

"ఏం రాశారే?" అని అడిగింది అక్క. అక్క అప్పటికి చీపుళ్ళు కట్టడం నేర్చుకుంది. వేళ్ళతో తడుముకుంటూ పుల్లలు ఏరి, కళ్ళున్నవాళ్ళకన్నా బిగువుగా కడుతుంది.

"అజాగ్రత్త అని రాశారు."

"ఎవరిది?"

"నీది."

అక్క చేతిలో తాడు బిగించి ముడి వేసింది. "వాళ్ళ చేతిరాత బాగుందా?" అంది.

మర్నాడు చెల్లెలు రెండు బకెట్లు కొని తెచ్చింది. పారకు పొడుగు కర్ర వేయించింది. ఆ ఏడాది నుంచే తడిపిన తర్వాత చీపురు. మేస్త్రీ అరిచాడు, మారాడు. సెక్రటరీలు గొణిగారు, మారారు. ఆమె మారలేదు. ఏడేళ్ళు అలాగే నడిచింది.

* * *

ఎనిమిదో ఏట కాలనీకి కొత్త సెక్రటరీ వచ్చాడు. పెద్ద రంగుల దుకాణం ఆయనది. మరక అంటే ఆయనకి సొంత దాయాది. వచ్చీ రాగానే గేటు నుంచి పార్కు దాకా లేత రంగు పలకలు పరిపించాడు. ఆ మీదట కాలనీని ‘శుభ్రమైన కాలనీ’ పోటీకి ఎక్కించాడు. పరిశీలించేవాళ్ళు మొదటి రోజు పొద్దున తొమ్మిదింటికి వస్తామన్నారు.

ఆ పొద్దున ఆమె ఆరింటికి వచ్చేసరికి పంపు గదికి తాళం. కొత్త తాళం.

మేస్త్రీ అక్కడే నిలబడి ఉన్నాడు. కుర్రతనం ఇంకా పోలేదు, మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంది, అందుకే ఊడ్చేవాళ్ళు అతన్ని విజిల్ అంటారు. అతను ఆమె మొహం చూడకుండా మాట్లాడాడు.

"అత్తా, ఈ ఒక్క ఏడాదికీ సర్దుకో. నీళ్ళు వద్దన్నారు. పలకలు పాడవుతాయట."

"పొడిగా ఊడవాలా?"

"ఊడ్చేశారు. వేరే వార్డు నుంచి ఇద్దర్ని తెచ్చా. నీకు పని తగ్గిందనుకో."

ఆమె పార్కు గోడ వెనక్కి నడిచింది. కుప్ప నడుం ఎత్తున ఉంది. ఎర్ర కాగితాలు, కాలిన గొట్టాలు, కడ్డీలు, వాటి మధ్య చుట్టు విడని టపాసులు ఎక్కడికక్కడ తొంగిచూస్తున్నాయి. కుప్ప పక్కన ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామె పెద్దది, ఇంకొకామె చిన్నది. మొహాల పోలిక చూస్తే వేరే చెప్పక్కర్లేదు, తోడబుట్టినవాళ్ళు. చిన్నామె చేతిలో అగ్గిపెట్టె ఉంది. పెద్దామె చీపురు పట్టుకుని, జారిన కాగితాలను కుప్పలోకి తోస్తూ వంగి ఉంది.

"లేమ్మా" అంది బకెట్టత్త. "వంగొద్దు. లేచి వెనక్కి రా. ఇద్దరూ గోడ అవతలికి పొండి."

పెద్దామె ఎగాదిగా చూసింది. "నువ్వెవరు చెప్పడానికి? మేస్త్రీ కాల్చమన్నాడు."

"మేస్త్రీ కళ్ళు మేస్త్రీ దగ్గరే ఉంటాయి. నీవి కుప్ప మీదున్నాయి. లే."

ఆ మాటకు పెద్దామె లేచింది. బకెట్టత్త చిన్నామె చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుంది. గుంజుకోలేదు, చేయి చాపింది, ఆ పిల్ల ఇచ్చేసింది. తర్వాత ఇస్త్రీ బల్ల దగ్గర నీళ్ళ డ్రమ్ములోంచి రెండు బకెట్లు ముంచుకొచ్చి, దూరం నుంచే కుప్ప మీదికి విసిరింది. పైపైన తడిసింది. లోపలంతా పొడిగానే ఉంది. ఇస్త్రీ అతని డ్రమ్ములో ఇంకో బకెట్టు కూడా మిగల్లేదు.

"ఇంకో ఇరవై కావాలి" అంది విజిల్‌తో. "తాళం తీయించు."

"నా ఉద్యోగం పోతుందత్తా. నీదీ పోతుంది."

"నాది సరే. పోనీ."

అతను విజిల్ నోట్లో పెట్టుకున్నాడు, ఊదలేదు. చిన్నపిల్లలు పాలపీక చీకినట్టు చీకుతూ నిలబడ్డాడు.

అప్పుడే సెక్రటరీ వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. చేతిలో పంపు గది తాళంచెవి, వేలికి ఉంగరంలా తిప్పుతున్నాడు.

"ఇంకా కాల్చలేదా? ఏడవుతోంది."

"కాల్చకూడదు సార్. నానబెట్టాలి. గంటలో అయిపోతుంది, తాళం ఇవ్వండి."

"పోయినేడు నువ్వు చేసిన నిర్వాకం చూశానమ్మా. వీధంతా బురద. ఇన్నేళ్ళూ వాళ్ళు వీళ్ళు ఊరుకున్నారు కాబట్టి నీ ఇష్టారాజ్యమైంది. రాత్రి పేలాల్సినవన్నీ పేలిపోయాయి. ఇక అక్కడ ఉన్నది కాగితం."

ఆమె కోటు జేబులోంచి అట్టముక్క ఒకటి తీసింది. అంచులు అరిగి మెత్తబడింది. చదవక్కర్లేదు, నోటికి వచ్చు. అయినా వేలు పెట్టి చదివింది. "పేలని వాటి దగ్గరకు వెంటనే వెళ్ళరాదు. వాటిపై వంగరాదు. నీటిలో ముంచి..."

"నాకు చదువు చెప్పడానికి వచ్చావా, ఊడవడానికి వచ్చావా?"

"మీరు కొన్న పెట్టెల మీదే ఉంది సార్. మీరు చదివుంటే నేను చదవాల్సిన పని లేదు."

బాల్కనీల్లో కాఫీ కప్పులు ఆగిపోయాయి. సెక్రటరీ పైకి చూశాడు, కిందికి చూశాడు. గొంతు తగ్గించాడు, అంటే కోపం పెరిగిందన్నమాట. "రేపటి నుంచి రాకు. ఇవాళ్టికి పక్కకు జరుగు. ఏయ్ అమ్మాయ్, అంటించు."

గోడ అవతల చిన్నామె తన ఖాళీ చేతులు చూపించింది.

"అగ్గిపెట్టె నా దగ్గరుంది" అంది బకెట్టత్త. రెండడుగులు వేసి దాన్ని సెక్రటరీ అరచేతిలో పెట్టింది. "కాగితమే కదా సార్. మీరు అంటించండి."

ఆయనకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"అందరూ దూరంగా ఉన్నారు. నేనూ జరుగుతాను. పైన తడిసింది, అక్కడ అంటుకోదు. కింద అంచున అంటించాలి. అంటే వంగాలి. మా అక్క అలాగే వంగింది."

ఆమె వెనక్కి నడిచి పిట్టగోడ పక్కన నిలబడింది. కుప్ప పక్కన తెల్ల చొక్కా ఒక్కటే మిగిలింది.

ఆయన పిరికివాడు కాదని చూపించుకోవాలనుకున్నాడు పాపం. పుల్ల తీశాడు. గీసే ముందు, తనకే తెలియకుండా, మూడడుగులు వెనక్కి వేశాడు. గీసి, అక్కడి నుంచే కుప్ప మీదికి విసిరాడు. అది దారిలోనే ఆరి, కొత్త పలక మీద చిన్న నల్ల చుక్క పెట్టింది.

"దగ్గరికి వెళ్ళాలి సార్" అన్నాడు ఇస్త్రీ అతను మెట్ల కింద నుంచి, ఎంతో సాయం చేస్తున్నట్టు. తర్వాత పక్కవాళ్ళకి వినపడేలా, "పొద్దున్నే నేనే ఇస్త్రీ చేసిచ్చా, వంగితే మడత పడుతుందని ఆగుతున్నారు" అన్నాడు.

పైన ఎవరో కిసుక్కుమన్నారు. కారు తుడుచుకునే ఆయన మాత్రం నవ్వలేదు. బాల్కనీలో ఉన్న తన పిల్లల్ని లోపలికి వెళ్ళమన్నాడు.

బకెట్టత్త నవ్వలేదు. "ఆ మూడడుగులు ఎందుకు వెనక్కి వేశారు సార్?" అని అడిగింది.

ఆయన పలక మీది నల్ల చుక్కను బూటుతో రుద్దాడు.

"మీకు తెలుసు. అందులో ఏముందో మీకు తెలుసు. తెలిసే ఆ పిల్ల చేతికి అగ్గిపెట్టె ఇప్పించారు. తొమ్మిదేళ్ళ కిందట నా చేతికి ఇచ్చినవాళ్ళకీ తెలుసు. తెలియంది మాకే. ఇప్పుడు మాకూ తెలుసు. అంతే తేడా."

సెక్రటరీ మొహం కడిగిన గచ్చులా అయింది. విజిల్ వైపు తిరిగి, "నువ్వు అంటించు" అన్నాడు.

విజిల్ నోట్లోంచి విజిల్ తీశాడు. కుప్పను చూశాడు, గోడ అవతల ఉన్న అక్కాచెల్లెళ్ళను చూశాడు. "నాకు కాళ్ళనొప్పులు సార్, వంగలేను" అన్నాడు. ఇరవై ఆరేళ్ళవాడు.

పోటీవాళ్ళు రావడానికి రెండు గంటలు కూడా లేవు. కుప్ప అలాగే ఉంది. సెక్రటరీ అగ్గిపెట్టెను, తాళంచెవిని రెండు చేతుల్లో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత తాళంచెవిని ఆమెకు ఇవ్వకుండా పిట్టగోడ మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

* * *

ఆ తర్వాత ఏమీ జరగలేదు. చెప్పుకోవడానికి ఒక్క చప్పుడు కూడా లేదు. గొట్టంతో కుప్పను తడిపారు, నానేదాకా ఆగారు. అరగంటసేపు ముగ్గురు ఆడవాళ్ళు పిట్టగోడ మీద వరుసగా కూర్చుని కాళ్ళూపుకున్నారు. తర్వాత పొడుగు పార వంతులు వేసుకుని డ్రమ్ములు నింపారు. చుట్టు విడని టపాసులు ముప్పై ఏడు తేలాయి. ఒక్కోటి డ్రమ్ములో పడ్డప్పుడల్లా పెద్దామె చిన్నామె వంక చూసింది.

తొమ్మిదింటికి పోటీవాళ్ళు వచ్చారు. లేత రంగు పలకల మీద నల్ల నీళ్ళు ఇంకా ఆరలేదు. వాళ్ళు బూట్లు ఎత్తి ఎత్తి నడిచి, ఏదో రాసుకుని పోయారు. బహుమతి వేరే కాలనీకి వెళ్ళింది. ఆ కాలనీలో కుప్పలు ఎలా పోయాయో ఎవరూ అడగలేదు.

మర్నాడు విజిల్ ఆమె గది దాకా కాంట్రాక్టరు ఆఫీసు కాగితం పట్టుకొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "సంతకం పెట్టాలట అత్తా. వేలిముద్ర అయినా చాలన్నారు" అంటూ సిరాపెట్టె తీశాడు.

ఆమె చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది. గుమ్మం వెలుతురులోకి వంచి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. విజిల్ కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు. ‘విధి నిర్వహణలో అజాగ్రత్త మరియు క్రమశిక్షణారాహిత్యం వలన తొలగించడమైనది’ అని ఉంది.

"పెన్నివ్వు."

"ముద్ర అయితే..."

"పెన్నివ్వబ్బాయ్."

ఆమె ‘అజాగ్రత్త’ నుంచి ‘వలన’ దాకా అడ్డంగా గీత కొట్టింది. పైన ఖాళీలో, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. ‘తడపకుండా ఊడవను అన్నందుకు.’ కింద పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా సంతకం చేసింది. నకలు తీసుకుని మిగతాది ఇచ్చేసింది.

విజిల్ సంతకం వంక చూస్తూ నిలబడ్డాడు. "ఇదా అత్తా నీ పేరు?" అన్నాడు. "ఇన్నాళ్ళూ తెలీదు."

"అడగలేదుగా."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళబోతూ ఆగాడు. "ఆ ఇద్దరూ ఇవాళ పక్క వీధిలో ఊడవాలి. బకెట్లు ఇస్తేగానీ చీపురు ముట్టం అంటున్నారు. అక్కడా కాల్చారుగా మొన్న రాత్రి. నీవి నేను అడగకూడదు, కానీ..."

"నావి ఇవ్వను. కొను" అంది ఆమె. "పారకి కర్ర పొడుగ్గా వేయించు. మనిషంత ఉండాలి."

అతను తలూపి వెళ్ళిపోయాడు.

లోపల అక్క చీపురు కడుతూ అంతా విన్నది. "చదవవే" అంది. ఆమె చదివింది. అక్క పుల్లలు పక్కన పెట్టి, మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివింది.

"బాగా రాశావు. గుండ్రంగా రాశావా?"

"కొంచెం వంకరపోయింది."

"పోనీలే. నాది కూడా తియ్యి."

"నీది ఏంటి?"

"పెట్టెలో ఉందిగా. నా కాగితం."

చెల్లెలు కదల్లేదు. తొమ్మిదేళ్ళలో అక్క ఆ కాగితం మాట ఎత్తడం ఇది రెండోసారి.

"అక్కా, ఆ పుల్ల గీసింది నేను."

"తెలుసే. నేను పక్కనే ఉన్నాగా."

"రుద్దింది కూడా..."

"నీ దగ్గర గుడ్డ ఉంది, నీకు తెలిసింది చేశావు. ఊరికే నీళ్ళు పెట్టుకోకు, కాగితం తడుస్తుంది. తియ్యి."

ట్రంకు పెట్టె మూత కిర్రుమంది. మడతల దగ్గర పసుపెక్కిన కాగితాన్ని పీట మీద పరిచింది. అక్క కుడిచేయి చాపింది. చెల్లెలు ఆ వేళ్ళ మధ్య పెన్ను పెట్టి, తన చెయ్యి పైన వేసి పట్టుకుంది. ఆస్పత్రి మంచం మీద కూడా ఇలాగే పట్టుకుంది.

ముందు గీత కొట్టారు. ‘నా స్వంత అజాగ్రత్త’ మీద, వేలిముద్ర దాకా జారిపోయేంత గట్టిగా కొట్టింది అక్క.

"ఇప్పుడు ఏం రాద్దాం?" అంది చెల్లెలు.

అక్క ఎంతో ఆలోచించలేదు. ఆ మాట చాలాకాలంగా నోట్లో పెట్టుకుని ఉన్నట్టుంది.

"‘చెప్పినట్టు చేసినందుకు’ అని రాయి."

రెండు చేతులూ కలిసి రాశాయి. అక్షరాలు ఎక్కుతూ దిగుతూ వెళ్ళాయి. అయ్యాక అక్క ఆ గీతల మీద వేలితో తడిమి, ఎత్తుపల్లాలు తగిలి, చిన్నగా నవ్వింది.

"నాదీ వంకరే" అంది. "సరే, రేపు ఏ వీధి?"

"ఇంకా తెలీదు. వెతకాలి."

"కొత్త చీపురు పట్టుకెళ్ళు. గట్టిగా కట్టాను." అక్క మళ్ళీ పుల్లల కోసం చేయి చాపింది. "బకెట్లు మర్చిపోకు."